ఒక్క వాల్వు కోసం మూడుసార్లు ఒడ్డుకెళ్లాను: పడవలో కాపురం ఉండేవాళ్లు సామాన్లు ఎలా కొంటున్నారు?

నీటిమీదిల్లు | లంకావి, మలేషియా | సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా ఏడు నెలలుగా 36 అడుగుల తెరచాప పడవలో ఉంటున్నాం. 1980ల్లో అమెరికాలో కట్టిన ఫైబర్ పడవ. మా చేతికి వచ్చేసరికే నలుగురు యజమానులు మారారు. ప్రస్తుతం లంకావిలో కువా ఊరి ముందు లంగరేసుకుని ఉన్నాం. ఈశాన్యపు గాలి కుదురుకోగానే శ్రీలంక వెళ్లాలని అనుకుంటున్నాం. అక్కడి గాలే (Galle) అనే ఊరి రేవు దాదాపు 1,200 నాటికల్ మైళ్లు. మా పడవ నడకకి పది రోజులు పైమాటే. దారిలో కొట్లు ఉండవు కదా, కావాల్సినవన్నీ ఇక్కడే కొనాలి.

లంకావి 1987 నుంచి సుంకాల్లేని దీవి. ఇంకేం, అన్నీ చవగ్గా దొరికేస్తాయనుకున్నాను. దొరుకుతాయి నిజమే. చాక్లెట్లు, పింగాణీ పళ్లాలు, సీసాలు ఎన్నంటే అన్ని. నా జాబితాలో ఉన్న 14 వస్తువుల్లో మాత్రం మొదటి రోజు దొరికింది మూడే. ఆ మూడింట్లో ఒకటి తప్పు.

ఆ తప్పు కథ చెప్తాను. వంటగది సింకు నీళ్లు పడవ అడుగు నుంచి బయటికి పోయే చోట ఒక వాల్వు ఉంటుంది. దాని పిడి విరిగిపోయింది. వచ్చే వారం రెబాక్ దీవి యార్డులో పడవని పైకెత్తిస్తున్నాం కాబట్టి అప్పుడు మార్చేద్దామని, ఊళ్లో పైపుల కొట్లో ముప్పావు అంగుళం బాల్ వాల్వు కొన్నాను. బంగారంలా మెరుస్తోంది. తీసుకొచ్చి నా దగ్గరున్న పాత ఫిట్టింగుకి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి చూశాను. నాలుగైదు చుట్లు హాయిగా తిరిగింది. నీళ్లు పోస్తే బొట్టు బొట్టుగా కారుతోంది. టేపు ఎక్కువ చుట్టాను, అయినా కారింది. కొట్టుకి పట్టుకెళ్తే ఆయన ఇంకోటిచ్చాడు. అదీ కారింది. మూడోసారి వెళ్తే కొట్టు మూసి ఉంది.

టెన్షన్ పడాల్సిన విషయమా, నేనే ఏదైనా తప్పు చేస్తున్నానా? మీలో పడవల మీద ఉండేవాళ్లు సామాన్ల కోసం ఊళ్లోకి వెళ్లినప్పుడు ఎలా కొంటారు?

మూడో ఇంజనీర్ | విశాఖపట్నం | సోమవారం రాత్రి 10:35

తమ్ముడూ, అది కారడమే నీ అదృష్టం. కారకపోయి ఉంటే బిగించేసేవాడివి.

రెండు సమస్యలున్నాయి. మొదటిది మర. నీ పడవ అమెరికాది, దాని పైపు మరలు ఎన్‌పీటీ, అంటే అమెరికా ప్రమాణం. మలేషియాలో, మన దేశంలో, బ్రిటిష్ వాళ్లు తిరిగిన చాలా చోట్ల కొట్లో ఉండేది బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ ప్రమాణం. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే, అందుకే మొదట చక్కగా ఎక్కినట్టు ఉంటుంది. కానీ మర పన్ను కోణం ఎన్‌పీటీకి 60 డిగ్రీలు, బీఎస్‌పీకి 55. పైగా లావులో చిన్న తేడా. పన్నుకీ పన్నుకీ మధ్య సందు ఉండిపోతుంది. ఎంత టేపు చుట్టినా ఆ సందు నీళ్లకి దారే. అదే ఒక అంగుళం సైజైతే చుట్ల లెక్కే వేరు, బీఎస్‌పీకి 11, ఎన్‌పీటీకి పదకొండున్నర. కాసేపటికే పట్టేసి నీకు అక్కడే తెలిసేది.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ మెరుస్తున్నది ఇత్తడి. ఇత్తడంటే రాగి, జింకు కలిసిన లోహం. ఉప్పునీళ్లలో జింకు మెల్లగా కరిగి వెళ్లిపోతుంది, మిగిలేది గుల్లబారిన రాగి. పైకి గులాబీ రంగు తిరుగుతుంది, సుత్తితో తడితే పెళుసుగా విరుగుతుంది. నీటి మట్టానికి కింద ఉండే ఏ కన్నానికీ మామూలు ఇత్తడి వాడకు. కంచు కావాలి, లేదా జింకు కరగకుండా తయారుచేసిన డీజెడ్ఆర్ ఇత్తడి, లేదా పడవల కోసమే చేసే గట్టి ప్లాస్టిక్ రకం.

ఆ వాల్వుని పడవలో మంచినీళ్ల లైనుకి వాడుకో, పారెయ్యక్కర్లేదు. మర కలిసే చోట మాత్రమే సుమా.

నీటిమీదిల్లు | సోమవారం రాత్రి 10:50

అన్నా, చెమటలు పట్టాయి. ముప్పావు అంగుళం అంటే ముప్పావు అంగుళమే అనుకున్నాను.

హార్బర్ కొట్టు | విశాఖపట్నం | మంగళవారం ఉదయం 6:20

నమస్కారం. మాది ఫిషింగ్ హార్బర్ దగ్గర సామాన్ల కొట్టు. మా నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నా ఖాతాదార్లంతా సరంగులు, కళాసీలు, బోటు ఓనర్లు. తెరచాప పడవలో కాపురం ఉండేవాళ్లని ఇక్కడే మొదట చూస్తున్నాను.

ఇంజనీర్ గారు చెప్పిందాంట్లో తప్పు లేదు. కాకపోతే అది విని ఈయన ప్రతి మేకూ పడవల షాపులోనే కొంటే అప్పులపాలైపోతారు. పొట్లం మీద ‘మెరైన్’ అని రాసుంటే రేటు రెండింతలో మూడింతలో. మా కొట్లో సరుకుతోనే బోట్లు పది పదిహేను రోజులు సముద్రంలో ఉండి వస్తున్నాయి.

కొట్టువాడిగా ఒక మాట. పాత వస్తువు చేతిలో పట్టుకుని వచ్చిన మనిషికి నేను రెండు నిమిషాల్లో సామాను ఇచ్చేస్తాను. ఫోన్లో ఫొటో చూపించిన మనిషికి పది నిమిషాలు. చేతులతో గాల్లో బొమ్మ గీసే మనిషికి ఏది దొరికితే అది ఇచ్చి పంపేస్తాను, ఏం చేస్తాం. ఈయన పాత వాల్వు తీసుకెళ్లారా అని నా అనుమానం.

నీటిమీదిల్లు | మంగళవారం ఉదయం 7:05

లేదండి. అది పడవ అడుగునే ఉంది, తీస్తే మునుగుతాం. కానీ పాత ఫిట్టింగు నా దగ్గరే ఉంది కదా, అది పట్టుకెళ్లి ఉండాల్సింది. గాల్లో బొమ్మ గీసిన మాట నిజమే.

మూడో ఇంజనీర్ | మంగళవారం ఉదయం 8:15

కొట్టు గారితో నాకు గొడవ లేదు, కానీ చేపల బోటు వేరు, ఇది వేరు. బోటు నెలకి రెండుసార్లు రేవుకి వస్తుంది, విరిగింది ఇక్కడే మార్చుకుంటారు. వీళ్లు ఇద్దరే, మధ్య సముద్రంలో. స్టీలు సంగతే చూడండి. కొట్లో ‘స్టెయిన్‌లెస్’ అని ఇచ్చేది మామూలుగా 304 అనే రకం. ఉప్పుగాలికి కొన్నాళ్లకే టీ మరకల్లా తుప్పు. పడవకి కావాల్సింది 316, అందులో మాలిబ్డినం అనే లోహం రెండు మూడు శాతం ఉంటుంది.

హార్బర్ కొట్టు | మంగళవారం ఉదయం 9:40

దానికే వస్తున్నాను సార్. చాలామంది అయస్కాంతం పట్టుకొస్తారు, అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అని కొనేసుకుంటారు. అది తప్పు. 304కీ అంటుకోదు, 316కీ అంటుకోదు. బోల్టు అయితే తల మీద చూడాలి. ఎ2 అని ఉంటే 304 రకం, ఎ4 అని ఉంటే 316 రకం. ఏ అచ్చూ లేకపోతే బయట వాడకండి.

అయస్కాంతం పనికొచ్చేది ఒక్క చోట. గొట్టాలు బిగించే హోస్ క్లిప్పులు. పట్టీ స్టీలే ఉంటుంది, దాన్ని తిప్పే మర మాత్రం ఇనుముకి పూత పూసింది పెడతారు. అయస్కాంతాన్ని మర దగ్గర పెట్టి చూడండి. టక్కున అంటుకుంటే ఆ క్లిప్పు పడవకి వద్దు. పట్టీ బాగానే ఉంటుంది, ఆర్నెల్లలో మర ముక్కలై ఊడిపోతుంది. మీ సింకు వాల్వు గొట్టం ఆ క్లిప్పు మీదే ఆధారపడి ఉంటుందని మర్చిపోకండి.

వైరు కూడా అంతే. మా దగ్గర కరెంటు కొట్ల వైరు చవక, లోపల ఉత్త రాగి. ఏడాదికి తొడుగు కింద నల్లబడిపోతుంది, లైటు మినుకుమినుకుమంటుంది. తగరం పూత ఉన్న వైరు, కోసి చూస్తే వెండిలా తెల్లగా ఉంటుంది, అది తీసుకోండి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

మిగుల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. బకెట్లు, బ్రష్షులు, ఇసుక కాగితం, చేతి తొడుగులు, ప్లాస్టిక్ డబ్బాలు, టార్పాలిన్, టేపులు. వీటిని పడవల షాపులో కొన్నవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఒడ్డునున్నవాడు | హైదరాబాద్ | మంగళవారం మధ్యాహ్నం 1:00

తెలీక అడుగుతున్నా, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు కదా? ఒక వాల్వు కోసం మూడు రోజులు తిరగడమేంటి?

నీటిమీదిల్లు | మంగళవారం మధ్యాహ్నం 2:25

అడ్రస్ ఏం రాయమంటారు సార్? ‘కువా జెట్టీ ముందు, ఎడమ నుంచి పదకొండో పడవ’ అనా?

నవ్వులాటకి అన్నాను. మారినాలో, అంటే పడవలు నిలుపుకునే రేవులో, అద్దె కట్టి ఉండేవాళ్లు వాళ్ల ఆఫీసు అడ్రస్‌కి తెప్పించుకుంటారు. లంగరు మీద ఉండేవాళ్లం ఎవరినైనా బతిమాలుకోవాలి. పైగా పార్సెల్ ఎప్పుడొస్తుందో తెలీదు, గాలి మాత్రం దాని కోసం ఆగదు. ఇండియా పాస్‌పోర్టు మీద నాకు వీసా లేకుండా ఇచ్చింది 30 రోజులు. దాంట్లో సగం పార్సెల్ కోసం కూర్చోలేను.

కరిబియన్ కాకి | సెయింట్ మార్టిన్ | మంగళవారం రాత్రి 11:50

చర్చ ఇప్పుడే చూశాను. మేము చలికాలాలు కరిబియన్‌లో పడవ మీద గడుపుతాం, మిగతా ఏడాది అమెరికాలో ఉద్యోగం. మీ కష్టాలు చదువుతుంటే నాకు పాపం చేస్తున్నట్టుంది, ఎందుకంటే ఇక్కడ పరిస్థితి పూర్తిగా తలకిందులు.

ఈ దీవి సగం డచ్చి వాళ్లది, సగం ఫ్రెంచి వాళ్లది, మొత్తం సుంకాల్లేనిదే. డచ్చి వైపు సింప్సన్ బే లగూన్ అని పెద్ద ఉప్పునీటి మడుగు ఉంది. పైకి లేచే వంతెన రోజుకి కొన్నిసార్లే తెరుస్తారు, ఆ టైముకి క్యూలో నిలబడి లోపలికెళ్లాలి. లోపల రెండు పెద్ద పడవ సామాన్ల షాపులున్నాయి, బడ్జెట్ మెరైన్, ఐలాండ్ వాటర్ వరల్డ్. చిన్న రబ్బరు పడవని సరాసరి షాపు ముందు కట్టేసి లోపలికి నడిచి వెళ్లిపోవడమే. మొదటిసారి వెళ్లినప్పుడు నేను నగల కొట్లో కొత్త పెళ్లికూతురిలా తిరిగాను.

ఇంజనీర్ గారి మరల గొడవకి ఇక్కడో తమాషా ఉంది. డచ్చి వైపు కరెంటు 110 వోల్టులు, ఫ్రెంచి వైపు 220. అమెరికా పడవల వాళ్లు ఒక వైపు, యూరప్ పడవల వాళ్లు ఇంకో వైపు కొనుక్కుంటారు. రెండు వైపులా కలిపి కొన్నవాడు నాలాంటివాడు. ఫ్రెంచి వైపు కొన్న బ్యాటరీ చార్జరు డచ్చి మారినాలో పెడితే ఉలుకూ పలుకూ లేదు.

గొలుసు విషయం ఎవరూ చెప్పలేదు. లంగరు గొలుసు కొనేముందు మీ పాత గొలుసులోంచి అయిదారు లంకెలు కోసి సంచిలో వేసుకుని వెళ్లండి. 10 ఎంఎం గొలుసు అంటే ఒకటే రకం కాదు. ఒక యూరప్ ప్రమాణంలో లంకె లోపలి పొడవు 28 ఎంఎం, ఇంకోదాంట్లో 30. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాకి లంగరు లాగే యంత్రం చక్రం మీంచి గొలుసు జారిపోతుంది. నాది రాత్రి రెండింటికి జారింది, 30 నాట్ల వేగంతో వీచే గాలిలో. అప్పుడు అర్థమైంది.

నీటిమీదిల్లు | బుధవారం ఉదయం 8:30

(ఇది ఆయన కాదండి, నేను. ఆయన మళ్లీ ఊళ్లోకెళ్లారు.)

వస్తువులు దొరకడం ఒక ఎత్తు, పడవ దాకా తేవడం ఇంకో ఎత్తు. నిన్న బ్యాటరీ తెచ్చారు, 28 కిలోలు. అద్దె కారులో జెట్టీ దాకా బాగానే వచ్చింది. పొద్దున పోటు మీద ఉన్నప్పుడు రబ్బరు పడవని జెట్టీ అంచుకి కట్టి వెళ్లారు. తిరిగొచ్చేసరికి పాటు, నీళ్లు తగ్గిపోయాయి. పడవ ఎక్కడో నూతిలో ఉన్నట్టు కింద ఉంది. నిచ్చెన మెట్ల నిండా గవ్వలూ నాచూ. బ్యాటరీ చేత్తో పట్టుకుని దిగబోతుంటే నేను కేకలేశాను. తాడు కట్టి, జెట్టీ స్తంభానికి ఒక చుట్టు వేసి, మెల్లగా వదిలాం. మా తాతగారి ఊళ్లో నూతిలోకి బిందె దించినట్టే. అప్పటినుంచి పోటు పాట్ల పట్టిక చూడకుండా బజారు మొహం చూడట్లేదు.

ఇంకో సంగతి. ఇక్కడ మలయ్‌లో తాడుని ‘తాలి’ అంటారు. పొద్దున నేను మా అమ్మతో వీడియో కాల్‌లో ఉండగా ఈయన సంచి తగిలించుకుని ‘తాలి కొనుక్కొస్తా’ అని వెళ్లారు. మా అమ్మ మొహం చూడాలి. ‘ఉన్న తాళికి ఏమైందే?’ అంది.

మూడో ఇంజనీర్ | బుధవారం ఉదయం 9:10

అమ్మా, తాడు అంటే గుర్తొచ్చింది. లంగరుకైతే నైలాన్, అది సాగుతుంది, కుదుపు తట్టుకుంటుంది. తెరచాప ఎత్తడానికైతే పాలియెస్టర్, అది సాగకూడదు. జాలర్ల కొట్లో రంగురంగుల పాలీప్రొపిలీన్ చవగ్గా ఉంటుంది. అది నీళ్లలో తేలుతుంది, ఎండకి పొడై రాలుతుంది. తేలే తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే కథ కంచికే. ఆయనకి చెప్పు.

వంటగది_వదిన | ఫుకెట్, థాయ్‌లాండ్ | బుధవారం ఉదయం 11:20

ఎంతసేపూ వాల్వులూ బోల్టులేనా? పది రోజులు తినొద్దా?

చెల్లీ, నేను చెప్పేవి విను. కొట్లోంచి ఏ అట్టపెట్టె కూడా పడవలోకి రానివ్వకు. అట్ట మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. జెట్టీ మీదే విప్పి, సామాను సంచుల్లోకి మార్చి, అట్టలు అక్కడే చెత్తలో వేసెయ్. మేమొకసారి పాల పెట్టెతో పాటు తెచ్చుకున్నాం. తర్వాత మూడు నెలలు ఆ కుటుంబంతో కలిసి ఉన్నాం.

గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టని కొట్లో కొను. ఒకసారి చల్లబడ్డ గుడ్డు బయట పెడితే తొందరగా పాడవుతుంది. ఫ్రిజ్ చూడని గుడ్లు రెండు మూడు రోజులకోసారి తలకిందులు చేస్తుంటే వారాల తరబడి ఉంటాయి. అనుమానం వస్తే మంచినీళ్లలో వెయ్యి, తేలితే సముద్రానికే. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒక బుట్టలో పెట్టకు. బియ్యం, పప్పుల డబ్బాల్లో వేపాకు వెయ్యి. పప్పు, శనగలు కుక్కర్లో వండితే గ్యాసు సగం కూడా ఖర్చవదు.

కరివేపాకుని అక్కడ ‘దౌన్ కారి’ అంటారు, చింతపండు ‘అసం జావా’. ఈ రెండు మాటలు వస్తే మలేషియాలో సాంబారు ఆగదు. ఊరగాయ సీసాలు మాత్రం గుడ్డలు చుట్టి ప్లాస్టిక్ టబ్బులో పెట్టు. మాది అండమాన్ సముద్రంలో దొర్లి పగిలింది. ఆవకాయ నూనె పడవ అడుక్కి చేరితే ఆ వాసన నెలల తరబడి వదల్లేదు. బాధగా ఉండేది కాదు, ఆకలేసేది.

గ్యాసు సంగతి కూడా చూసుకో. సిలిండర్ వాల్వులు దేశానికొక రకం. ఇక్కడ కొంతమంది నిండు సిలిండర్ని పైకి తలకిందులుగా వేలాడదీసి, కింద ఖాళీది పెట్టి, గొట్టంతో నింపేసుకుంటారు. మేమూ రెండుసార్లు చేశాం.

మూడో ఇంజనీర్ | బుధవారం మధ్యాహ్నం 12:05

గ్యాసు మాట ఎవరూ పాటించకండి. వదిన గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. సిలిండర్లో ద్రవం 80 శాతం దాటకూడదు, మిగతాది ఆవిరికి చోటు. అలా ఒంపితే ఎంత నిండిందో మీకెలా తెలుస్తుంది? బ్యుటేన్ రకం గ్యాసు కోసం చేసిన సిలిండర్లో ప్రొపేన్ రకం పోస్తే పీడనం చాలా ఎక్కువ. పైగా ఈ గ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో అయితే గుమ్మంలోంచి బయటికి పోయే దారుంటుంది, పడవలో అయితే అడుగున చేరి ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చుంటుంది.

వంటగది_వదిన | బుధవారం మధ్యాహ్నం 12:40

ఒడ్డు మీద, ఆరుబయట, తూకం వేసుకుంటూ చేశాం. అయినా మీరన్నది నిజమే, మంచి పని అని చెప్పట్లేదు. సిలిండర్లు నింపే చోటు ఉన్న ఊళ్లో ఎవరూ ఆ పని చెయ్యక్కర్లేదు.

నీటిమీదిల్లు | గురువారం రాత్రి 8:45

తిరిగొచ్చాను. కంచు వాల్వు, ఎన్‌పీటీ మరతో, ఇక్కడ పడవల షాపులో దొరికింది. ధర చెప్పను, ఆవిడ చదువుతోంది. ఎ4 బోల్టులు దొరికాయి. క్లిప్పులకి అయస్కాంతం పెట్టి చూశాను. కొట్టాయన నన్ను చూసి నవ్వి, తనూ ఒక అయస్కాంతం తీసి ఇంకో డబ్బా నాకిచ్చాడు. ఆ డబ్బాలోవి అంటుకోలేదు.

మిగిలింది ఇంజన్ ఫిల్టర్లు. మాది మూడు సిలిండర్ల బీటా మెరైన్ ఇంజన్. ఆయిల్ ఫిల్టర్లు రెండు, డీజిల్ ఫిల్టర్లు నాలుగు కావాలి. పడవల షాపులో ‘తక్ అడ’, అంటే లేవు. తెప్పించడానికి మూడు వారాలట. రేపు శుక్రవారం. ఈ రాష్ట్రం కెడాలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. అది తెలీక పోయిన శుక్రవారం కస్టమ్స్ ఆఫీసుకి వెళ్లి గేటు చూసి వచ్చాను. ఫిల్టర్ల గురించి ఎవరికైనా తెలుసా?

తణుకు ట్రాక్టర్స్ | తణుకు | గురువారం రాత్రి 9:30

ఆయ్, నమస్కారమండి. నాకు సముద్రం గురించి ఏం తెలీదండి, అంతర్వేదిలో చూడ్డం తప్ప. మీ చర్చ సరదాకి చదువుతున్నాను. నేను ట్రాక్టర్ల స్పేర్ పార్టులు అమ్ముతానండి.

మీ ఇంజన్ మీద బీటా అని ఉన్నా, లోపల ఇంజన్ దిమ్మ కుబోటా అనే ట్రాక్టర్ల కంపెనీ వాళ్లదండి. బీటా వాళ్లు కుబోటా ఇంజన్ తీసుకుని దానికి పడవకి కావాల్సిన హంగులు అమరుస్తారు. దిమ్మ మీద పోత పోసిన నంబరు చూడండి. డి అని మొదలైతే మూడు సిలిండర్లు, వి అయితే నాలుగు, జెడ్ అయితే రెండు. డి1105 అని ఉందనుకోండి, అది సుమారు 1.1 లీటరు ఇంజన్. ఆ కుటుంబం ఇంజన్లు చిన్న ట్రాక్టర్లలో, జనరేటర్లలో వస్తాయి.

మీరున్న చోట వరి పండిస్తారాండి?

నీటిమీదిల్లు | గురువారం రాత్రి 9:42

అయ్యా! నంబరు మీరన్నట్టే ఉంది, డి1105. టార్చి వేసి, నూనె తుడిచి చూశాను. ఏడు నెలల్లో ఎప్పుడూ చూడలేదు.

వరి అంటే, మలేషియాకి అన్నపూర్ణ ఈ కెడా రాష్ట్రమేనట. మన కోనసీమ లాగన్నమాట. దీవిలో తక్కువ, ఒడ్డున అలోర్ సెతార్ చుట్టూ కనుచూపు మేర పొలాలే.

తణుకు ట్రాక్టర్స్ | గురువారం రాత్రి 9:55

అయితే ఇంకేంటండి! వరి ఉన్న చోట కుబోటా ఉంటుంది, కుబోటా ఉన్న చోట స్పేర్లుంటాయి. పడవల షాపు మానేసి ట్రాక్టర్ల కొట్టుకెళ్లండి. ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, గ్లో ప్లగ్గులు, థర్మోస్టాట్ గాస్కెట్, ఇవన్నీ ట్రాక్టర్ వాళ్లవే వస్తాయి. ఇంజన్ నంబరు రాసుకుని, పాత ఫిల్టర్ ఒకటి సంచిలో వేసుకుని వెళ్లండి. ఉప్పునీళ్లు తోడే పంపు, ఆ చల్లబరిచే పెట్టె, పొగ గొట్టం మోచెయ్యి మాత్రం మా దగ్గర ఉండవండి, అవి బీటా వాళ్ల సొంతం.

మూడో ఇంజనీర్ | గురువారం రాత్రి 10:10

ముప్ఫై ఏళ్లు ఓడల్లో పనిచేశాను, ఈ మాట నాకు తట్టలేదు. తణుకు వారికి నమస్కారం.

ఆ ఉప్పునీటి పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది తమ్ముడూ, ఇంపెల్లర్. అది కనీసం రెండు స్పేర్లు పెట్టుకో. కొనేటప్పుడు పాతది పక్కన పెట్టి చూడు: బయటి వ్యాసం, మందం, లోపలి కడ్డీ వ్యాసం, రెక్కల సంఖ్య, కడ్డీకి పట్టే పద్ధతి. ఒక్కటి తేడా వచ్చినా పనికిరాదు. బిగించేటప్పుడు గ్రీజు రాయకు, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు చాలు. ఫిల్టరు దొరికింది కదా అని డీజిల్ విషయంలో నిర్లక్ష్యం వద్దు. రేకార్ కంపెనీది లాంటి ముందు ఫిల్టర్ ఉంటే దాని కాగితాలు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్కన ఉంటాయి. 30 ఎర్రది, 10 నీలం, 2 గోధుమ రంగు. ముందు ఫిల్టర్లో 2 పెడితే చెత్త డీజిల్‌తో తొందరగా మూసుకుపోతుంది. 10 లేదా 30 పెట్టి, సన్నటి పని ఇంజన్ మీదున్న ఫిల్టరుకి వదిలెయ్.

స్పేర్లు ఎక్కువయ్యాయని ఎప్పుడూ అనుకోకు. మన నేవీ తారిణి పడవ 2017-18లో ఆరుగురు ఆడపిల్లలతో ప్రపంచం చుట్టి వచ్చింది. అందులో మా విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. ఇంటికి చేరువలో స్టీరింగ్ చెడితే అనుకోకుండా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవాల్సి వచ్చింది. నేవీ వెనకుంటేనే అలా. నీ వెనక ఎవరున్నారు?

నీటిమీదిల్లు | గురువారం రాత్రి 10:20

మా అత్తగారు.

నీటిమీదిల్లు | ఆదివారం రాత్రి 9:00

పొద్దున మొదటి ఫెర్రీలో కువాలా కెడా వెళ్లాను. రెండు గంటల లోపే. అక్కణ్ణుంచి అలోర్ సెతార్ దగ్గరే. ట్రాక్టర్ స్పేర్ల కొట్టు పట్టుకోవడానికి ఇద్దరిని అడగాల్సి వచ్చింది. కొట్లో కుర్రాడు తమిళం మాట్లాడతాడు, నాకు వచ్చిన కాస్త తమిళంతో పని జరిగిపోయింది. పాత ఫిల్టరు బల్ల మీద పెట్టి, డి1105 అన్నాను. వెనక్కి తిరిగి బీరువాలోంచి తీసిచ్చాడు. అర నిమిషం. ఏ ట్రాక్టరుకి అని అడిగితే, పడవకి అన్నాను. ఓనరుని పిలిచి చూపించాడు నన్ను.

ఆయిల్ ఫిల్టరు ఇందాకే బిగించాను, ఇంజన్ పావుగంట నడిపాను, ఒక్క చుక్క కారలేదు. ఆరు ఫిల్టర్లకి అయిన ఖర్చు చూస్తే, పడవల షాపులో అడిగిన రేటుకి రెండు కూడా వచ్చేవి కావు. ఫెర్రీ టికెట్టు, భోజనం పోగా కూడా లాభమే.

తణుకు గారూ, మీకు ఎలా రుణం తీర్చుకోవాలో తెలీట్లేదు.

తణుకు ట్రాక్టర్స్ | ఆదివారం రాత్రి 9:25

రుణమేంటండి. ఆ ఇంజన్ ఫొటో ఒకటి పంపండి, పక్కన మీరిద్దరూ ఉండేటట్టు, వెనక సముద్రం కనపడాలి. షాపులో పెట్టుకుంటాను. మా కుబోటా శ్రీలంక వెళ్తోందని రైతులకి చెప్పుకోవాలి కదా.

హార్బర్ కొట్టు | ఆదివారం రాత్రి 10:00

అంతా బాగుంది. ఇంతకీ తాలి కొన్నారా?

నీటిమీదిల్లు | ఆదివారం రాత్రి 10:04

కొన్నామండి. 14 ఎంఎం నైలాన్, 60 మీటర్లు. మా అత్తగారికి ఫొటో కూడా పంపాను. ‘ఇంత లావా’ అంది.